50 వేలలో డెస్క్‌టాప్, చెల్లి సివిల్ చదువుకి: ఈ కొటేషన్ తీసుకోవచ్చా?

చీపురుపల్లి_అన్న
చెల్లి బీటెక్ సివిల్, మూడో సంవత్సరం. ఆటోక్యాడ్ (డ్రాయింగులకి), రెవిట్ (భవనం 3డీ మోడల్‌కి), స్టాడ్ ప్రో (కట్టడం బలం లెక్కలకి) నేర్చుకోవాలి. కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్ ఖాళీగా దొరకడమే గగనం. ల్యాప్‌టాప్ వద్దట, పెద్ద తెర కావాలంటోంది. చేతిలో 50 వేలున్నాయి. మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్ అన్నీ అందులోనే రావాలి. విజయనగరంలో ఒక దుకాణంలో అడిగితే కాగితం మీద ఇలా రాసిచ్చారు: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు), 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్స్ ఎస్ఎంపీఎస్ (పార్టులకి కరెంటు అందించే డబ్బా)తో క్యాబినెట్, 20 అంగుళాల మానిటర్. మొత్తం 36,500. మిగిలిన దాంట్లో ప్రింటర్ కూడా వచ్చేస్తుందని నాన్న సంబరం. తీసుకోమంటారా?

గంటస్తంభం_సెంటర్
ఐ5 అంటే ఎన్నో తరం ఐ5? ఆ కాగితంలో ఒక్క మోడల్ నంబరు కూడా లేదు. అడ్వాన్సు ఇచ్చేశావా?

చీపురుపల్లి_అన్న
లేదు, ఇవ్వలేదు. రేపు వెళ్లి నంబర్లన్నీ రాయించుకొస్తా.

బొబ్బిలి_గేమర్
గ్రాఫిక్స్ కార్డు పేరు తప్పకుండా అడుగు. 4 జీబీ అన్న అంకె ఒక్కటే చెప్తే అది పాత కార్డే అయ్యుంటుంది.

చీపురుపల్లి_అన్న
అడిగాను. ఐ5-3470, హెచ్61 మదర్‌బోర్డు, డీడీఆర్3 రకం ర్యామ్, జీటీ 730 కార్డు. బోర్డు కొత్తదే, డబ్బా సీలు కూడా ఉంది, ఏడాది వారంటీ అన్నారు.

పాలకొండ_ప్రాసెసర్
వద్దు. 3470 వచ్చింది 2012లో. డబ్బా కొత్తదే కావచ్చు, లోపలి ప్లాట్‌ఫారం కాలం ఎప్పుడో చెల్లిపోయింది. విండోస్ 11 కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా మద్దతు ఉంది. విండోస్ 10 కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే ఆ సిస్టమ్ మీ ఇంట్లో అడుగుపెట్టేనాటికే దానికి అధికారిక మద్దతున్న విండోస్ దిక్కులేదు. ఇంకో విషయం, డీడీఆర్3 ర్యామ్ రేపు ఏ కొత్త బోర్డులోనూ పట్టదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మీద పెట్టిన డబ్బులో ఒక్క రూపాయి కూడా తర్వాతి సిస్టమ్‌కి పనికిరాదు.

బొబ్బిలి_గేమర్
జీటీ 730 అయితే 2014 నాటిది. ఏఎండీ రైజెన్ 5600జీ ప్రాసెసర్ లోపల ఉచితంగా వచ్చే గ్రాఫిక్సే దానికంటే చాలా బలంగా ఉంటుంది. ఆ కార్డుకి ఇచ్చేది దండగ.

సాలూరు_లారీ
36,500 పెట్టి 2012 బండి కొనడమా? మా ఊళ్లో లారీ అయినా ఇంకా తక్కువకే ఇప్పిస్తాను.

సివిల్_సిరి
నేను సివిలే, విజయనగరంలో డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. అందరూ పార్టుల పేర్లు చెప్పేలోపు అసలు పనికి ఏం కావాలో రాస్తాను.

ఆటోక్యాడ్ 2డీ డ్రాయింగులకి ఏ కొత్త ప్రాసెసరైనా సరిపోతుంది. రెవిట్ దగ్గరే అసలు బరువు. రెవిట్‌లో మనం చేసే పనుల్లో చాలా భాగం ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ (లెక్కలు చేసే భాగం) మీదే నడుస్తుంది. గోడ జరిపినా, తలుపు పెట్టినా, సెక్షన్ తీసినా అంతే. అందుకని ఎన్ని కోర్లున్నాయి అనే దానికంటే ఒక్కో కోర్ ఎంత చురుకు అన్నదే చూడాలి. ర్యామ్ 16 జీబీ కంటే తక్కువ వద్దే వద్దు. విద్యార్థులు చేసే జీ ప్లస్ టూ, జీ ప్లస్ ఫోర్ మోడల్స్ అందులో నడుస్తాయి. స్టాడ్‌లో ఈ స్థాయి ఫ్రేములు పెద్ద బరువేం కాదు.

విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాల్సింది ల్యూమియన్, ఎన్‌స్కేప్ లాంటి వాటితో రెండరింగ్ (మోడల్‌ని ఫొటోలా చూపించడం) చేసేటప్పుడు. అది ఆర్కిటెక్చర్ వాళ్లకి ఎక్కువ. మీ చెల్లికి స్ట్రక్చరల్ మీద ఇష్టమైతే ఇప్పుడు కార్డు మాటే ఎత్తొద్దు.

20 అంగుళాల మానిటర్ కూడా వద్దు. ఆ సైజులో చాలావి 1600 బై 900 వే. రెవిట్‌లో ఎడమవైపు ప్రాపర్టీస్, దాని కింద ప్రాజెక్ట్ బ్రౌజర్, పైన రిబ్బన్ తెరిస్తే డ్రాయింగుకి మిగిలేది చిన్న కిటికీ అంత. 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు మారని) ప్యానెల్ కనీసం ఉండాలి.

పాలకొండ_ప్రాసెసర్
సిరి గారు చెప్పిన ఒక్క కోర్ మాట మీదే నా ఓటు ఇంటెల్ ఐ3-12100 కి. నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), కానీ ఒక్కో కోర్ 5600జీ కంటే చురుకు. హెచ్610 బోర్డు వేసుకుంటే రేపు అదే సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోట) ఐ5-12400 గానీ 13400 గానీ పెట్టుకోవచ్చు. పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం తేవద్దు, 12100ఎఫ్ లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. అది బిగించి తెర నల్లగా ఉందని ఇక్కడికొచ్చి అడిగినవాళ్లు చాలామంది.

బొబ్బిలి_గేమర్
నాది 5600జీ. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపల వేగా 7 గ్రాఫిక్స్. 12100 లోని యూహెచ్‌డీ 730 దాని దరిదాపులకి కూడా రాదు. రెవిట్‌లో 3డీ వ్యూ తిప్పేటప్పుడు గ్రాఫిక్స్ పని ఉండదా ఏంటి? పైగా ఏ520 బోర్డు హెచ్610 కంటే కాస్త చవక. ఇంట్లో పిల్లలెవరైనా వాలరెంట్ గేమ్ అడిగినా సెట్టింగులు తగ్గించి హాయిగా ఆడుకుంటారు.

పాలకొండ_ప్రాసెసర్
5600జీ లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీయే, మామూలు 5600 లో 32. పీసీఐఈ (కార్డునీ, డిస్కునీ కలిపే దారి) కూడా మూడో తరమే. 5600 అన్న అంకె ఒకటే అయినా ఇది దాని తమ్ముడు. అది తెలిసి కొనుక్కోమనండి.

బొబ్బిలి_గేమర్
తెలిసే కొన్నాను. మామూలు 5600 లో లోపలి గ్రాఫిక్స్ లేదు, అది కొంటే కార్డు విడిగా కొనాలి, అప్పుడు 50 వేలలో యూపీఎస్ ఎగిరిపోతుంది.

ఏడురోడ్ల_మావ
ఏటి బావూ, ప్రాసెసర్ మీద ఇంత తగువు పడతన్నారు, కరెంటు ఊసు ఒక్కరూ ఎత్తరేటి? నాను శ్రీకాకుళంలో సిస్టమ్‌లు బాగుచేస్తన్నాను. నా బల్ల మీదకొచ్చే సచ్చిన బోర్డుల్లో ప్రాసెసర్ పోయింది సూడ్డమే అరుదు. ఎస్ఎంపీఎస్ పోతది, పోతాపోతా బోర్డునీ, డిస్కునీ తీసుకుపోతది.

క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే 500 వాట్స్ డబ్బాని ఒకసారి చేత్తో ఎత్తి సూడు. తేలిగ్గా ఉంటది. పక్కనున్న స్టిక్కర్ సదువు. ప్లస్ 12 వోల్ట్ అని ఉన్న గడిలో ఎన్ని ఆంపియర్లు రాశాడో సూడు. 16 అని ఉంటే 12 తో గుణించు, 192 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, కార్డు అన్నీ ఆ 12 మీదే బతుకుతాయి. మరి మిగతా 300 ఏటయ్యాయి? అవి స్టిక్కర్ మీద రాతలే. నిజమైన 450 వాట్స్ దానికి అదే గడిలో 35, 36 ఆంపియర్లుంటాయి.

80 ప్లస్ బ్రాంజ్ అని ఉన్నది తీసుకో. ఆ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడతాదో సెప్తది గాని, రక్షణ సంగతి సెప్పదు. అందుకే ముద్రతో పాటు కంపెనీ మూడేళ్లో ఐదేళ్లో వారంటీ ఇస్తందో లేదో కూడా సూసుకో. ప్రాసెసర్‌కి 11 వేలు పోసి ఇక్కడ వెయ్యి మిగిలించడం అంటే ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

గంటస్తంభం_సెంటర్
మావ మాట అక్షరాలా నిజం. మా వీధిలో వోల్టేజీ సాయంత్రం ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది.

కళింగపట్నం_కెరటం
సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకోటి. మా ఇంట్లో క్యాబినెట్ స్క్రూలు ఏడాదికే తుప్పు పట్టాయి. ర్యామ్ పిన్నుల మీద సన్నగా పొర కట్టి, ఓ పొద్దున బూట్ కాక మూడుసార్లు బీప్ కొట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెడితే లేచింది. చీపురుపల్లి లోపలికే కాబట్టి అంత బాధ ఉండదు గానీ కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు.

చీపురుపల్లి_అన్న
మావగారూ, మాది పాత పెంకుటిల్లు. సాకెట్లు మూడు పిన్నులవే, కానీ ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే ఒక్కోసారి జివ్వుమంటుంది. దీనికీ సిస్టమ్‌కీ సంబంధం ఉందా?

ఏడురోడ్ల_మావ
ఉంది బావూ, సానా ఉంది. మూడో కన్నం ఉన్నంత మాత్రాన దాని ఎనక ఎర్త్ తీగ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లల్లో మూడో కన్నం ఖాళీగా వదిలేస్తారు, లేదా తీగుంటది గాని భూమిలో ఎర్త్ గొయ్యి ఎండిపోయుంటది.

ఎస్ఎంపీఎస్ లోపలికి కరెంటొచ్చే దగ్గర ఫిల్టర్ ఉంటది. అందులో ఫేజు నుంచి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఒకటి క్యాబినెట్ బాడీకి కలిపుంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతది. నేకపోతే బాడీ మీద 230 లో సగం, 115 దాకా తేలతది. కరెంటు సన్నం కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతది. కాని అదే టైములో హెచ్‌డీఎంఐ తీగో, యూఎస్‌బీ తీగో గుచ్చితే ఆ పోర్టు సంగతి సెప్పలేం. అసలు ప్రమాదం ఏటంటే, లోపల నిజంగా ఫేజు బాడీకి తగిలిన్నాడు ఎర్త్ నేకపోతే కాపాడేది ఏదీ ఉండదు. మీ ఫ్రిజ్‌కీ అదే మాట.

ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలు. మీటరుతో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య సూడమను. నువ్వు మాత్రం టెస్టు బల్బు పట్టుకుని దిగకు. గొయ్యి కొత్తగా తవ్వించాల్సొస్తే జీఐ పైపు దింపి బొగ్గూ, ఉప్పూ పొరలు పొరలుగా ఏస్తారు. ఎండాకాలంలో ఆ గొయ్యిలో నీళ్లు పొయ్యడం మానకు. సిస్టమ్ సంగతి ఆ తర్వాత.

సివిల్_సిరి
ఈ ఒక్క పోస్టు కోసమే ఈ చర్చ దాచుకుంటున్నాను.

ఉద్దానం_కొబ్బరి
యూపీఎస్ గురించి నా మాట. తిత్లీ తుపాను గుర్తుందిగా, 2018 అక్టోబరు 11. పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ నేలకూలి మా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నుంచి మా వైపు ఇంటింటా ఇన్వర్టర్ పెట్టుకున్నారు. మీ ఇంట్లో సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే 600 వీఏ యూపీఎస్ మీద మళ్లీ డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. చాలా ఇన్వర్టర్లకి వెనకాల ఎకో, యూపీఎస్ అని రెండు మోడ్లకి స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు పెట్టాలి. ఎకోలో ఉంచితే కరెంటు నుంచి బ్యాటరీకి మారే వ్యవధి ఎక్కువై సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది.

పాలకొండ_ప్రాసెసర్
సరైన మాటే. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు పోయాక 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే తనంతట తాను నిలబడగలదు. ఆ లోపు ఇన్వర్టర్ అందుకోవాలి. చవక ఎస్ఎంపీఎస్ అంతసేపు కూడా ఆగదు, అందుకే ఒకే ఇంట్లో ఒక సిస్టమ్ నిలబడి ఇంకోటి ఆరిపోతుంది.

చీపురుపల్లి_అన్న
ఇన్వర్టర్ లేదండీ మాకు. యూపీఎస్సే కొనాలి.

ఉద్దానం_కొబ్బరి
అయితే 600 వీఏ చాలు. దాంట్లో వచ్చేది దాదాపు 360 వాట్లు. కార్డు లేని సిస్టమ్, మానిటర్ కలిపినా అందులో సగం కూడా వాడవు. పావుగంట దొరుకుతుంది, ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి. లోపలి బ్యాటరీ మన ఎండలకి రెండు మూడేళ్లే, మళ్లీ మార్చుకోవాలి. ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించొద్దు.

చెనాయ్_చక్కర్లు
నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ తిరిగే రకం. పార్టులన్నీ ఓ ఎత్తు, ఇప్పుడు ర్యామ్ ఓ ఎత్తు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ధర అమాంతం పెరిగింది. తయారుచేసే పెద్ద కంపెనీలు శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడే. అందులో మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి తగ్గేదాకా ఆగుదాం అనుకుంటే చెల్లి చదువు అయిపోతుంది. ఇప్పటికి ఒకటే 16 జీబీ స్టిక్ కొని, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి. తర్వాత ఇంకో 16 పెడితే 32 అవుతుంది.

బొబ్బిలి_గేమర్
5600జీ కొంటే అది తప్పు సలహా. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ఒక్క స్టిక్ అయితే సెకనుకి 25.6 జీబీ డేటా నడుస్తుంది, రెండైతే 51.2. ఒక్క స్టిక్ పెట్టావంటే వేగాకి దారి సగం మూసేసినట్టే. 8 జీబీవి రెండు పెట్టాల్సిందే.

చెనాయ్_చక్కర్లు
రెండు స్లాట్ల బోర్డులో రెండు 8 లు పెడితే రేపు 32 కావాలన్నప్పుడు రెండూ తీసి అమ్ముకోవాలి. ఈ ధరల్లో అది ఎవరికి లాభం?

సివిల్_సిరి
చివరి సంవత్సరం ప్రాజెక్టు దాకా 16 తో నెట్టుకురావచ్చు. రోజూ వ్యూ తిప్పేటప్పుడు ఆగిపోవడం కంటే రెండేళ్ల తర్వాత స్టిక్ అమ్ముకోవడమే నయం. నేనైతే 8 లు రెండే.

చెనాయ్_చక్కర్లు
నేనింకా ఒప్పుకోను. కానీ వాడేది వాళ్లు.

సాలూరు_లారీ
కొత్తదే ఎందుకు? కంపెనీలు వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు ఎనిమిదో తరం ఐ5-8500 తో దొరుకుతాయి. విండోస్ 11 కూడా నడుస్తుంది. సగం డబ్బు మిగులుతుంది. మా ఆఫీసులో అలాంటివే.

పాలకొండ_ప్రాసెసర్
8500 చెడ్డది కాదు, ఆరు కోర్లు. 30 వేలలోపు అడిగి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. చిక్కెక్కడంటే వాటిలో చాలా మోడల్స్‌కి బోర్డూ, ఎస్ఎంపీఎస్సూ ఆ కంపెనీ సొంత కొలతల్లో, సొంత కనెక్టర్లతో ఉంటాయి. ఎస్ఎంపీఎస్ పోతే శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ మామూలు దుకాణంలో దొరికేది అందులో పట్టదు. సన్నటి క్యాబినెట్ అయితే పెద్ద కార్డు కూడా పట్టదు.

సాలూరు_లారీ
అది ఒప్పుకుంటా. మా దాంట్లో ఎస్ఎంపీఎస్ కోసం విశాఖ నుంచి తెప్పించాల్సొచ్చింది.

చీపురుపల్లి_అన్న
అందరి మాటా విన్నాక నేను రాసుకున్నది ఇది. ఆన్‌లైన్‌లోనూ, విశాఖలో ఒక దుకాణంలోనూ ధరలు కనుక్కున్నాను. రైజెన్ 5600జీ 11,400. ఏ520 బోర్డు, ఎం.2 స్లాటు (చిన్న ఎస్ఎస్‌డీ గుచ్చే చోటు) ఉన్నది, 5,200. డీడీఆర్4 3200 ర్యామ్ 8 జీబీవి రెండు 9,600. 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్ఎస్‌డీ 4,900. బ్రాంజ్ 450 వాట్స్ ఎస్ఎంపీఎస్ 3,200. క్యాబినెట్ 2,300. 22 అంగుళాల ఐపీఎస్ మానిటర్ 6,900. కీబోర్డు, మౌస్ 900. యూపీఎస్ 2,900. మొత్తం 47,300. మిగిలిన 2,700 ఎర్తింగ్‌కి. ప్రింటర్ ఇప్పుడు లేదని నాన్నకి చెప్పేశాను, ఫ్రిజ్ మాట విన్నాక ఆయనే ముందు ఎర్తింగ్ చేయించమన్నారు. పాలకొండ గారూ, ఏమీ అనుకోకండి, బోర్డు చవక, గ్రాఫిక్స్ మెరుగు అని అటు మొగ్గాను.

పాలకొండ_ప్రాసెసర్
అనుకోవడానికేముంది, లిస్టు శుభ్రంగా ఉంది. ఐ3 మీద నా మాట నాదే. బోర్డు కొనేటప్పుడు ఒకటి చూడు: పాత స్టాకైతే బయోస్ (బోర్డులో ముందే ఉండే సాఫ్ట్‌వేర్) 5600జీ ని గుర్తుపట్టకపోవచ్చు. డబ్బా మీద రైజెన్ 5000 రెడీ అన్న స్టిక్కర్ ఉందో లేదో చూడు, లేకపోతే అక్కడే అప్‌డేట్ చేసివ్వమను.

గంటస్తంభం_సెంటర్
ఎన్‌వీఎంఈ అని చెప్పి ఎం.2 సాటా (నెమ్మది రకం) ఇచ్చేస్తారు, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సాటా అయితే సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, మూడో తరం ఎన్‌వీఎంఈలో మంచిది 3,500 దాకా వెళ్తుంది. డబ్బా మీద పీసీఐఈ అని రాసుండాలి.

చీపురుపల్లి_అన్న
ఆన్‌లైన్‌లో కొంటే ఓ వెయ్యి తగ్గుతుంది. విశాఖ వెళ్లి తెచ్చుకోవడం మేలా?

చెనాయ్_చక్కర్లు
ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ ఆన్‌లైన్‌లో తీసుకో, డబ్బా విప్పేటప్పుడు వీడియో తియ్యి. బోర్డు, ఎస్ఎంపీఎస్, మానిటర్ మాత్రం విశాఖలో. పాడైతే మళ్లీ మొయ్యాల్సింది అవే, మానిటర్‌లో చచ్చిన పిక్సెల్ ఉందో లేదో అక్కడే చూసుకోవచ్చు. జీఎస్టీ బిల్లు తీసుకో, బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించు. బిల్లు లేకుండా 18 శాతం తగ్గిస్తామంటారు, ఒప్పుకోకు. రేపు వారంటీకి ఆ కాగితమే అడుగుతారు. ప్రాసెసర్ డబ్బాతో ఉన్నదే కొను. విడిగా, ట్రేలో వచ్చిందని ఇచ్చే దానికి ఏఎండీ మూడేళ్ల వారంటీ వర్తించదు, డబ్బాలో వచ్చే ఫ్యానూ ఉండదు.

ఏడురోడ్ల_మావ
బిగించేటప్పుడు రెండు మాటలు. బోర్డు కింద ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న గుంజలు) బోర్డు కన్నాలకి సరిగ్గా ఎదురుగా ఉన్నవే ఉంచు, ఎక్కువుంటే తీసెయ్. కన్నం నేని దగ్గర ఒకటి ఉండిపోతే అది బోర్డు ఎనక తగిలి షార్టవుతది. రెండోది, ఫ్యాను బిగించేటప్పుడు నాలుగు స్క్రూలూ మూలమూలకి మార్చుకుంటూ కొంచెం కొంచెం తిప్పు. ఒకటే పూర్తిగా బిగించీకు.

బొబ్బిలి_గేమర్
మొదటిసారి ఆన్ చేశాక బయోస్‌లోకెళ్లి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చెయ్యి. 3200 అని రాసున్న స్టిక్కులు కొన్ని 2400 లోనో 2666 లోనో ఉండిపోతాయి, ఎవరూ చెప్పరు. అక్కడే టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రత సెట్టింగులు కూడా చూసుకో. విండోస్ 11 లో వాలరెంట్ అవి లేకపోతే తెరుచుకోదు.

చీపురుపల్లి_అన్న
వాలరెంట్ మాట చెల్లికి చెప్పను, మా పిన్ని కొడుకు చెవిన పడితే సిస్టమ్ వాడి గదికి పోతుంది. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తానన్నాడు. ఎర్త్ చూశాకే ఆర్డర్ పెడతాను.

సివిల్_సిరి
ఈలోపు చెల్లిని కాలేజీ మెయిల్ ఐడీతో ఆటోడెస్క్ విద్యార్థి ఖాతాకి దరఖాస్తు చేయమనండి. ఆటోక్యాడ్, రెవిట్ రెండూ చదువుకునేవాళ్లకి ఉచితం, ఏడాదికోసారి పొడిగించుకోవాలి. కాలేజీ గుర్తింపు కార్డు అడుగుతారు, ఫొటో స్పష్టంగా ఉండాలి. ఎవరో ఇచ్చిన క్రాక్ (దొంగ కాపీ) మాత్రం ఎక్కించనివ్వొద్దు, కొత్త సిస్టమ్‌లోకి వైరస్‌లు వచ్చేది ఆ దారినే. విండోస్ లైసెన్స్ ఈ 47,300 లో లేదు, దానికి వేరే చూసుకోవాలి. ల్యాబ్‌లో రెవిట్ ఏ సంవత్సరం వెర్షనో కనుక్కుని ఇంట్లోనూ అదే ఎక్కించమనండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత దాంట్లో తెరుచుకోదు.

చీపురుపల్లి_అన్న
ఇప్పుడే అడిగాను, ల్యాబ్‌లో 2023 ఉందట. అదే ఎక్కిస్తాం.